చర్మానికి సొంత లోకల్ సర్వర్ ఉంది

సూర్యలంక బీచ్‌లో ఒక్క ఆదివారం గడిపి వస్తే చాలు, సోమవారం పొద్దున అద్దంలో ఇంకెవరో కనిపిస్తారు. బాపట్ల ట్రిప్ వేసిన ప్రతి గ్యాంగ్ వాట్సాప్ గ్రూపులోనూ ఆ రోజు ఒకటే గోల. టాన్ పోవాలంటే ఏం రాయాలి? పెరుగా, టమాటానా, శనగపిండా, మెడికల్ షాపు ట్యూబా? అసలు ఈ నలుపు ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు అని అడిగినవాడు మాత్రం ఇంతవరకూ నాకు తగల్లేదు.

ఎండ తెచ్చిందంటే సగమే నిజం. తెచ్చింది ఒక హార్మోను. అది తయారైంది ఎక్కడో తలలో కాదు, ఎండ తగిలిన చోటే, చర్మంలోనే.

స్కూల్లో మనకి హార్మోన్లంటే గ్రంథులని చెప్పారు. మెదడు నుంచి సీఆర్‌హెచ్ అనే సందేశం బయల్దేరుతుంది, పిట్యూటరీ దాన్ని అందుకుని ఏసీటీహెచ్ వదుల్తుంది, కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథి అది చూసి కార్టిసాల్ ఇస్తుంది. మా భాషలో చెప్పాలంటే సెంట్రల్ సర్వర్. అయితే ఇదే వ్యవస్థ చిన్న సైజులో చర్మంలో కూడా నడుస్తోందని ఆంజెయ్ స్లొమిన్‌స్కీ అనే పోలండ్ మూలాలున్న శాస్త్రవేత్త 1990ల నుంచీ చెప్తూ వచ్చాడు. సీఆర్‌హెచ్, ఏసీటీహెచ్, కార్టిసాల్ మూడూ అక్కడే తయారవుతాయి, అక్కడే ఖర్చయిపోతాయి. ఎందుకూ అంటే, ఎండా దెబ్బా క్రిమీ ముందు తగిలేది చర్మానికే. ప్రతిదానికీ హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టి రిప్లై కోసం కూర్చుంటే పని జరగదు.

ఇప్పుడు టాన్ సంగతి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మ కణంలోకి దిగి డీఎన్ఏని దెబ్బతీస్తాయి. ఆ దెబ్బని కనిపెట్టేది పీ53 అనే ప్రోటీన్. క్యాన్సర్ రాకుండా కాపలా కాసేవాళ్ళలో పెద్ద పేరు దీనిదే. డేవిడ్ ఫిషర్ బృందం 2007లో తేల్చిందేంటంటే, ఆ పీ53యే చర్మ కణం చేత ఆల్ఫా ఎంఎస్‌హెచ్ అనే హార్మోను తయారు చేయిస్తుంది. అది పక్కనే ఉన్న మెలనోసైట్ అనే కణం తలుపు తడుతుంది. ఆ కణం మెలనిన్ రంగు తయారు చేసి చుట్టుపక్కల కణాలకి పంచుతుంది. ఆ రంగు వెళ్ళి కూర్చునేది ఎక్కడో తెలుసా? కణం లోపల, డీఎన్ఏ ఉన్న కేంద్రకం మీద, ఎండ వచ్చే వైపుకి, గొడుగులా. మీరు శనగపిండితో రుద్దేది ఆ గొడుగునే.

తెల్లవాళ్ళలో చాలామందికి, ముఖ్యంగా ఎర్రజుట్టు వాళ్ళకి, హార్మోను తట్టే ఆ తలుపే సరిగ్గా తెరుచుకోదు. అందుకే వాళ్ళలో మెలనోమా ముప్పు ఎక్కువ. టాన్ కోసం అక్కడ కొందరు ఇదే హార్మోనుని పోలిన మెలనోటాన్ అనే మందుని, అనుమతి లేకపోయినా ఆన్‌లైన్‌లో కొని పొడుచుకుంటారు. మనమేమో ఫ్రీగా వచ్చినదాన్ని డబ్బులిచ్చి పోగొట్టుకుంటాం. ఏం చెప్తాం!

ఇక్కడిదాకా కథ బానే ఉంది. ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఈ లోకల్ హార్మోన్లకి రెండో డ్యూటీ ఉంది, గొడవ చల్లార్చడం. దెబ్బ తగిలిన చోటికి రోగనిరోధక కణాలు గుంపుగా వచ్చిపడితే చర్మమే పాడవుతుంది కాబట్టి, కార్టిసాల్, ఆల్ఫా ఎంఎస్‌హెచ్ వాటిని "ఇక చాల్లే, వెళ్ళండి" అని వెనక్కి పంపుతాయి. మెలనోమా అంటే ఆ రంగు చేసే కణమే అదుపు తప్పి పెరగడం. ఆ కణానికి ఈ భాష ముందే వచ్చు. ల్యాబుల్లో చూస్తే మెలనోమా కణాలు తామే ఈ హార్మోన్లు తయారు చేసుకుంటున్నాయి. అంటే పోలీసులు వచ్చేలోపే "ఇక్కడేం జరగలేదండీ" అని చెప్పి పంపించేసే దొంగ లెక్క. 2020లో బిదేశ్ మహతా బృందం ఎలుకల్లో ఇంకో విచిత్రం చూసింది. మెలనోమా గడ్డలోకి వెళ్ళిన టీ కణాలు, అంటే మన సైన్యమే, అక్కడ స్టెరాయిడ్ తయారు చేయడం మొదలుపెట్టాయి. ఆ తయారీకి కావాల్సిన జన్యువుని తీసేస్తే గడ్డ పెరుగుదల తగ్గింది. ఎలుకల్లో అని గుర్తుపెట్టుకోండి, రేపటికి మందు వచ్చేస్తుందని కాదు.

ఇక ఆ ట్యూబు. మొన్న తెనాలిలో ఓ మెడికల్ షాపు దగ్గర నిలబడితే ఒక అమ్మాయి, "అంకుల్, పెళ్ళి రెండు వారాలే ఉంది, మొహం తెల్లగా అయ్యేది ఇవ్వండి" అంది. ఆయన చీటీ అడగలేదు. "ఇది రాయమ్మా, వారంలో తేడా కనపడుద్ది" అని ఇచ్చేశాడు. కనపడుద్ది, నిజమే. ఈ ఫెయిర్‌నెస్ ట్యూబుల్లో చాలావాటిలో ఉండేది మొమెటాసోన్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్. చర్మం చుక్కల్లెక్కన వాడుకునే కార్టిసాల్‌కి ఇవి పెద్దన్నలు. నెలలు రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు, ఎరుపు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట రెట్టింపు. 2018లోనే కేంద్రం ఇలాంటి క్రీములు చాలావాటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. క్రీము రాస్తే క్యాన్సర్ వస్తుందని నేననట్లేదు. కానీ తేడాగా ఉన్న మచ్చ మీద తెలియక ఇదే రాస్తే, పైపైన ఎరుపు తగ్గి, లోపలిది ఆలస్యంగా బయటపడుతుంది.

మన రంగు వాళ్ళకి చర్మ క్యాన్సర్ తక్కువే. ఆ గొడుగు పుణ్యమే. కానీ వచ్చే మెలనోమాల్లో చాలావరకు ఎండ తగలని చోటే వస్తాయి: అరికాలు, అరచెయ్యి, గోరు కింద. బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోరు కిందే వచ్చింది. 1981లో పోయేటప్పటికి అతనికి 36 ఏళ్ళు. మన డెల్టాలో చెప్పుల్లేకుండా బురదలో తిరిగే కాళ్ళెన్నో లెక్కేసుకోండి. అరికాలి నల్లమచ్చని ముల్లు గుచ్చుకుందనో, ఆనెకాయనో సరిపెట్టేస్తారు.

ఇదంతా చదివాక రేపల్లె వెళ్ళినప్పుడు బాబాయ్ కాళ్ళు చూపించమన్నా.

"కంప్యూటర్ ముందు కూర్చునేవాడివి, నా కాళ్ళతో నీకేం పనిరా?"

"ఒక్కసారి చూపించు బాబాయ్."

ఎడమకాలి బొటనవేలి గోరు కింద నల్లటి మరక. మోటారు పైపు పడిందన్నాడు. ఎప్పుడంటే గుర్తులేదన్నాడు. గుంటూరు తీసుకెళ్ళి స్కిన్ డాక్టరుకి చూపించా. లెన్సు పెట్టి చూసి, రక్తం గడ్డలాగే ఉంది, గోరుతో పాటు ముందుకి జరగాలి, జరక్కపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం, రెండు నెలల్లో మళ్ళీ రండి అన్నాడు. ఆ రోజే ఫోన్లో ఫోటో తీసి, తేదీ వేసి పెట్టా. బాబాయేమో నాట్లు అయ్యాక చూద్దాంలే అంటున్నాడు. పిన్నికి చెప్పా, తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టింది.