దుప్పి అడ్డొస్తే బాధ్యులెవరూ లేరా?

రాత్రిపూట అడవి రోడ్డు మీద బైకు పడి మనిషి చనిపోతే మరునాడు జిల్లా పేజీలో వార్త రెండు మాటలతో ముగుస్తుంది: అదుపుతప్పి, అతివేగం. బండికి అడవిపంది అడ్డొచ్చిందని, దుప్పుల మంద దాటుతోందని ఊరందరికీ తెలుసు. ఆ సంగతి కాగితం మీదికి మాత్రం ఎక్కదు. పోయినవాడు చెప్పలేడు, జంతువు నిలబడదు. తప్పంతా పోయినవాడి పేరనే రాసి దస్త్రం మూసేస్తారు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా వెలువరించే ప్రమాదాల నివేదికలో కారణాల పట్టిక చూడండి. అతివేగం, మద్యం, రాంగ్ సైడ్, ఎర్ర సిగ్నల్ దాటడం, సెల్‌ఫోన్, చివరన ‘ఇతరములు’. అడవి జంతువు ఆ చివరి గడిలో కలిసిపోతుంది. మధిర నుంచి వైరా, కల్లూరు, సత్తుపల్లి, కొత్తగూడెం, భద్రాచలం దాకా ఈ దారుల మీద తిరిగే జనం తరఫున మా మొదటి అభియోగం ఇదే. ఆ పట్టికలో ఈ చావులను విడిగా లెక్కపెట్టే ఏర్పాటు లేదు. లెక్కలేని ప్రమాదానికి నిధులు రావు, బోర్డు రాదు, జవాబు చెప్పే అధికారీ ఉండడు.

మధిరను చూసి అడవి ఊరని ఎవరూ అనరు. సాగర్ ఎడమ కాలువ కింద వరి, మిర్చి, మొక్కజొన్న పండే నేల ఇది. అయినా వైరా నది, కట్టలేరు ఒడ్ల వెంట, వాగుల్లో కమ్ముకున్న సర్కారు తుమ్మలో, మొక్కజొన్న చేలల్లో అడవిపందులు కాపురం పెట్టి చాలాకాలమైంది. వాటికిప్పుడు గుట్టలు అక్కర్లేదు. పగలు పొదలో, రాత్రి చేలో, రెంటికీ నడుమ మన రోడ్డు. తూర్పుకు పోయేకొద్దీ కనకగిరి గుట్టలు, సత్తుపల్లి అడవులు, ఆపైన 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం, గోదావరి దాటితే పాపికొండలు. అక్కడ పందికి తోడు చుక్కల దుప్పి, కణితి, ఎలుగుబంటి, ముళ్లపంది. ఆ అడవుల నడుమనుంచే కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారి సాగుతుంది. బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు, బస్సులు దాని మీద తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటాయి.

దుప్పులు మేతకూ నీళ్లకూ కదిలేది తెల్లవారుజామున, మునిమాపున. మిరప కోతల కూలీల ఆటోలు బయలుదేరేదీ అప్పుడే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏజెన్సీ గూడేల నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఆడవాళ్లు చీకటితోనే లేచి, పట్టేదానికి రెట్టింపు మంది ఒక్కో ఆటోలో ఇరుక్కుని చేలకు పోతారు. బస్తాలెత్తిన ట్రాక్టర్లు, డీసీఎంలు ఖమ్మం యార్డుకూ గుంటూరుకూ రాత్రిళ్లే కదులుతాయి. సరిగ్గా ఆ నెలల్లోనే అడవిలో చెలమలు ఎండిపోయి జంతువులు కాలువల వైపు, చెరువుల వైపు దిగుతాయి. శ్రీరామనవమికి భద్రాద్రి బాట పట్టే యాత్రికుల వాహనాలూ ఆ రోజుల్లోనివే. మనిషికీ జంతువుకీ ఒకే వేళ, ఒకే దారి అని ఏటా తెలిసి కూడా ఏర్పాట్లు చేయకపోవడాన్ని దురదృష్టమని సరిపెట్టుకోలేం.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. కన్ను చూసి బ్రేకు పడేసరికే దాదాపు 30 మీటర్లు దాటిపోతాయి. పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి మరో 35 మీటర్లు కావాలి. డిమ్ లైటులో దారి సరిగ్గా కనబడేది 40, 50 మీటర్లు. అంటే జంతువు కనబడే వేళకే ఆగే అవకాశం పోయింది. 50 కిలోమీటర్ల వేగమైతే ఆ బండే 35 మీటర్ల లోపు నిలబడుతుంది. వెలుగు కళ్లలో పడ్డ దుప్పి దిక్కుతోచక రోడ్డు మీదే నిలిచిపోతుంది. ఒకటి దాటిందని ఊపిరి పీల్చుకునేలోపు దాని వెనక మంద వస్తుంది. పంది నల్లగా, నేలబారుగా ఉంటుంది, బాగా ఎదిగితే క్వింటాలు తూగుతుంది. ఒకే ముందు చక్రం మీద నడిచే ఆటోకి అది తగిలితే లోపలున్న వాళ్లంతా రోడ్డు మీదే. ఇరువైపులా బెర్ములు శుభ్రంగా ఉంటే జంతువు రోడ్డెక్కకముందే కనబడుతుంది. కానీ చాలాచోట్ల తుమ్మకొమ్మలు తారు అంచు దాకా వచ్చేశాయి. జంగిల్ క్లియరెన్స్‌కు ఏ రోడ్డు మీద ఎంత ఖర్చయిందో, కొట్టిన పొద ఎక్కడుందో ఆర్‌అండ్‌బీ, పంచాయతీరాజ్ శాఖలు ప్రజలకు చూపించాలి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 39వ సెక్షన్ ప్రకారం వేటాడిన జంతువే కాదు, చచ్చి దొరికిన అడవి జంతువు కూడా ప్రభుత్వ ఆస్తే. అది చేతికి చిక్కినవాడు 48 గంటల్లో పోలీసులకో అటవీ అధికారికో చెప్పాలి. చచ్చిన దుప్పి మీద హక్కు రాసుకున్న ప్రభుత్వం, బతికున్న దుప్పి రోడ్డు దాటే చోట తన బాధ్యత రాసుకోలేదు. అడిగితే అటవీశాఖ రోడ్డు మాది కాదంటుంది, రోడ్ల శాఖ జంతువు మాది కాదంటుంది, పోలీసులు రెండూ మావి కావంటారు. 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, 2016లో మిగిలిన జిల్లా రెండైంది. ఒకే అడవికి ఇద్దరు కలెక్టర్లు సరిపోక రెండు రాష్ట్రాలు కూడా వచ్చాయి. నిబంధనలూ అంతే. అభయారణ్యం లోపల రోడ్డు వేయాలంటే జాతీయ వన్యప్రాణి మండలి దాకా వెళ్లాలి. ఆ హద్దు దాటాక చెలకల మధ్య వేసే రోడ్డుకు జంతువుల సంగతి ఏం చేశావని అడిగేవారు లేరు. 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఎ సెక్షన్ చేర్చారు. రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మనిషి చనిపోతే అధికారికీ కాంట్రాక్టరుకూ లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. జంతువులు దాటే చోటని తెలిసీ హెచ్చరిక పెట్టని రోడ్డుకు ఆ సెక్షన్ ఎందుకు వర్తించకూడదు?

జనం వైపు నుంచీ ఒక మౌనం ఉంది. దుప్పికి గుద్దుకున్న డ్రైవరు ఆగడు. వేట కేసు మెడకు చుట్టుకుంటుందని భయం. కళేబరం తెల్లారేసరికి మాయమై ముక్కలుగా పంచబడుతుంది, సాక్ష్యం అక్కడితో సరి. మాంసం కోసం దాన్ని మాయం చేసేవాళ్లు నేరం చేస్తున్నారు, అందులో సందేహం లేదు. నిజం చెప్పాలనుకున్నవాడు కూడా భయపడి పారిపోయే పరిస్థితి మాత్రం ప్రభుత్వం తెచ్చిపెట్టింది. ప్రమాదంలో పడ్డ మనిషిని ఆదుకున్నవారిని వేధించకూడదని 2019లోనే 134ఎ సెక్షన్ తెచ్చారు. జంతువు తగిలిందని వెంటనే ఫోన్ చేసిన డ్రైవరుకూ అలాంటి రక్షణ ఇస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేయాలి. నిజాలు బయటికి రావాలంటే ముందు ఆ భయం పోవాలి.

ఇక మిగిలిన కుటుంబం సంగతి. ఎదురుగా మరో బండి లేదు కాబట్టి నడిపినవాడి కుటుంబానికి థర్డ్ పార్టీ బీమా అక్కరకు రాదు. గుద్ది పారిపోయిన వాహనమూ లేదు కాబట్టి హిట్ అండ్ రన్ పరిహార పథకం కింద ఇచ్చే 2 లక్షలూ రావు. బండి యజమానే నడుపుతుంటే, లైసెన్సు ఉండి వ్యక్తిగత ప్రమాద బీమా నడుస్తుంటే 15 లక్షలు రావాలి. బండి కొన్ననాటి బీమా ముగిశాక మళ్లీ కట్టని కుటుంబాలు పల్లెల్లో ఎన్నో. అమెరికాలో ఉన్న మన పిల్లలను అడగండి. అక్కడ జంతువులను గుద్దుకున్న క్లెయిములు ఏటా పది లక్షలకు మించుతాయని, ఏ రాష్ట్రంలో ఎంత ముప్పో బీమా సంస్థలే అంచనాలు ప్రకటిస్తాయని చెబుతారు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్లు కూల్చినప్పుడు దుప్పుల కోసం హైదరాబాద్ కదిలింది, సుప్రీంకోర్టు ఆపించింది. అది మంచి పనే. సత్తుపల్లి రోడ్డు మీద లారీ కింద పడే దుప్పికీ, దాని పక్కన పడే కూలీకీ ఆ పట్టింపులో వాటా కావాలి.

చేయలేని పని కాదిది. అమ్రాబాద్ అడవిలో శ్రీశైలం దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తున్నారు. తిరుమల ఘాట్‌లో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాల కంటే ముందు చేరితే జరిమానా పడుతుంది. రెండు గేట్ల దగ్గర సమయం రాసుకుంటే చాలు, కెమెరాలు కూడా అక్కర్లేదు. మహారాష్ట్రలో పెంచ్ దగ్గర 44వ జాతీయ రహదారి కింద కట్టిన దారుల గుండా పులి సహా 18 రకాల జంతువులు నడిచినట్టు 2019లో కెమెరాలు పట్టాయి. కెనడాలోని బాన్ఫ్‌లో కంచెలు, వంతెనలు కట్టాక జంతువుల ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గాయి. మన దగ్గర రాత్రి రాకపోకలు ఆపమని మేము అడగడం లేదు. ఏజెన్సీ రోగికి ఖమ్మం ఆస్పత్రి దారి అదే. వేగం తగ్గించమంటున్నాం. ఖమ్మం–దేవరపల్లి, ఖమ్మం–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ రహదారులకు ఇరువైపులా కంచె వేస్తే అక్కడ ఆగిన జంతువు పక్క ఊరి రోడ్డెక్కుతుంది. వాటి కింద జంతువులు దాటే దారులు ఎక్కడెక్కడ ఉన్నాయో జాతీయ రహదారుల సంస్థ పటం వేసి చూపాలి.

2023 డిసెంబరులో ఏర్పడిన ప్రభుత్వంలో ఈ ఉమ్మడి జిల్లా నుంచి ముగ్గురు మంత్రులయ్యారు. ఆర్థిక శాఖ చేపట్టిన ఉప ముఖ్యమంత్రి మధిర ఎమ్మెల్యే. వ్యవసాయ మంత్రి అయిన తుమ్మల నాగేశ్వరరావు గతంలో రోడ్లు భవనాల శాఖనే చూశారు. డబ్బు లేదనడానికీ, విషయం తెలియదనడానికీ వీల్లేని స్థితి ఇది. రెండు జిల్లాల రోడ్డు భద్రతా కమిటీల్లో జిల్లా అటవీ అధికారికి చోటివ్వండి. పోలీసు నివేదికలో జంతువు అనే గడి చేర్చండి. గత అయిదేళ్లలో జంతువులు అడ్డొచ్చిన చోట్లను గ్రామ పంచాయతీలను అడిగి రాయించి, ఆ జాబితాను జనవరిలో మిరప కోతలు మొదలయ్యేలోపు రెండు కలెక్టరేట్లలో అంటించండి.