పోపుల డబ్బాకి తాళం ఎవరి దగ్గరుంది?

"ఈసారి టూర్ ఫ్రీ అండీ, అంతా పాయింట్లే!" ఈ మాట ఈమధ్య ఏ పేరంటానికి వెళ్లినా వినిపిస్తోంది. క్రెడిట్ కార్డు మీద పోగైన రివార్డు పాయింట్లతో విమానం టిక్కెట్లు, హోటల్ గదులు తీసుకోవడం అన్నమాట. మంచిదే, కాదనను. కానీ ఆ 'ఫ్రీ' అన్న మాటతోనే నాకు పేచీ. ఆ పాయింట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఎవరి చేతుల మీదుగా వచ్చాయి అని ఎవరూ అడగరేం?

ముందు ఎక్కణ్ణుంచో చూద్దాం. మనం కార్డుతో డబ్బు కట్టినప్పుడల్లా కొట్టతను అందులో కొంత శాతం బ్యాంకులకి వదులుకుంటాడు. దాంట్లోంచి కాస్త మనకి పాయింట్ల రూపంలో విదిలిస్తారు. ఆ ఖర్చు కొట్టతను సరుకు ధరలో కలుపుకుంటే, మన డబ్బే చుట్టూ తిరిగి మన దగ్గరికి వచ్చినట్టు. బ్యాంకు ఖాతా నుంచి చేసే మామూలు యూపీఐ చెల్లింపులకి ఈ పాయింట్లు ఎందుకుండవంటే, 2020 జనవరి నుంచి దాని మీద కొట్టతని దగ్గర ఆ ఛార్జీ తీసుకోవడం లేదు కాబట్టి. ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరమ్మా.

ఇక ఎవరి చేతుల మీదుగా? నెలకి సరిపడా కందిపప్పు, నూనె, పిల్లల బూట్లు, అత్తగారి మందులు, కరెంటు బిల్లు, పండక్కి బట్టలు. వీటిలో ఎక్కువ భాగం కొనేది మనమే. ఏ కొట్టులో పది రూపాయలు తక్కువో, ఏ వారం ఆఫరుందో గుర్తుపెట్టుకునేదీ మనమే. కానీ మనలో చాలామంది దగ్గరుండేది యాడ్-ఆన్ కార్డు. ఖాతా మావారిది, స్టేట్‌మెంటు వచ్చేది మావారి మెయిల్‌కి, పాయింట్లు చేరేదీ ఆ ఖాతాలోకే. మనం ఏళ్ల తరబడి వాడినా మన పేరు మీద క్రెడిట్ స్కోరు కూడా తయారవదు.

మా అమ్మమ్మ కాలంలో ఆడవాళ్లు మిగిల్చిన డబ్బు పోపుల డబ్బాలో దాచుకునేవాళ్లు. పది రూపాయలైనా వంద రూపాయలైనా దాని మీద పెత్తనం ఆవిడదే. కూతురికి గాజులు కొన్నా, పుణ్యక్షేత్రానికి వెళ్లొచ్చినా ఎవరినీ అడగక్కర్లేదు. ఈ పాయింట్లు నేటి పోపుల డబ్బాయే. కాకపోతే డబ్బా నింపేది మనం, తాళం మాత్రం ఇంకొకరి ఫోన్లో ఓటీపీగా ఉంది.

"సంపాదించేది ఆయన కదా" అంటారు. అనండి. 2019లో కేంద్రప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం పరిహారం కేసులో తీర్పిస్తూ గృహిణి పనికీ విలువ కట్టాల్సిందేనంది. అందులో దీని గురించి విడిగా రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఎన్.వి. రమణ. కోర్టు ఒప్పుకున్నది మన హాల్లో ఎందుకు ఒప్పుకోరు?

పాయింట్ల మీద మాట చెల్లకపోతే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం కదా! ఊరు వాళ్లు ఎంచుతారు, తేదీలు వాళ్లు ఎంచుతారు. పైగా పాయింట్లకి బాగా గిట్టుబాటవుతుందని వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. "బయట తిండి పిల్లలకి పడదు, నువ్వు కాస్త అన్నం, చారు పెట్టేస్తే చాలు" అంటారు. మున్నార్ వెళ్లి చారు పెట్టడానికా మనం ఏడాదంతా పాయింట్లు పోగేసింది? సొమ్మొకరిది, సోకొకరిది అంటే ఇదే.

అయితే ఒక్క మాట. పాయింట్ల మీద మోజుతో అవసరం లేనివి కొనడం శుద్ధ దండగ. లెక్క చూడండి. నెలకి 40,000 చొప్పున ఏడాదికి 4,80,000 ఖర్చయితే, నూటికి రూపాయి విలువ చేసే కార్డు మీద వచ్చేది 4,800 రూపాయలు. పాయింటుకి పావలా మాత్రమే ఇచ్చే కార్డయితే 1,200. అదే ఒక 40,000 బిల్లు కట్టకుండా వదిలేస్తే? నెలకి మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 252, మొత్తం 1,652. మూడు నెలలు అలా వదిలితే ఏడాది పాయింట్లన్నీ హరీ! పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికీ మొదటిరోజు నుంచే వడ్డీ పడుతుంది. బిల్లు గడువులోపు పూర్తిగా కట్టే ఇంటికే ఈ పాయింట్లు లాభం. మిగతావాళ్లకి అవి ఎర.

మరి ఏం చేద్దాం? పోట్లాట వద్దు, లెక్క అడుగుదాం. ఎన్ని పాయింట్లున్నాయి, ఎప్పుడు మురిగిపోతాయి అన్నది మనకీ తెలియాలి. చాలా కార్డుల్లో రెండు మూడేళ్లు దాటితే అవి పోతాయి. అద్దె, పెట్రోలు వంటివాటికి చాలా కార్డులు పాయింట్లివ్వవు. వాడుకునేటప్పుడు కొన్ని బ్యాంకులు రుసుము తీసుకుంటాయి. విమానం టిక్కెట్టు పాయింట్లతో తీసుకున్నా పన్నులు చేత్తో కట్టాల్సి రావచ్చు. రైలు చాలనుకుంటే ఐఆర్‌సీటీసీ పేరుతో ఉన్న కార్డుల పాయింట్లతో రైలు టిక్కెట్లే తీసుకోవచ్చు.

కుదిరితే మన పేరు మీదే ఒక కార్డు తీసుకుందాం. జీతం లేకపోయినా ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద చాలా బ్యాంకులు కార్డు ఇస్తాయి. డిపాజిట్ వడ్డీ ఎలాగూ వస్తుంది, స్కోరు మన పేరు మీద పెరుగుతుంది, పాయింట్లు మన ఖాతాలో పడతాయి. ఇంటి సరుకులు దాంతో కొంటే, బిల్లు కట్టే డబ్బు ఇంటిఖర్చులోంచే వస్తుంది.

నేనడిగేది టిక్కెట్టు ముక్క కోసం కాదు. ఎక్కడికి వెళ్లాలో చెప్పే హక్కు, వెళ్లినచోట నాలుగు రోజులు గరిటె పట్టకుండా కూర్చునే హక్కు, అంతే. మీ ఇంట్లో పాయింట్లు ఎన్నున్నాయో మీకు తెలుసా? తెలియకపోతే ఈ రాత్రి భోజనాల దగ్గర అడిగి చూడండి. జవాబు కంటే ముందు వాళ్ల మొహం చూస్తే మీకే సగం తెలుస్తుంది.