ఆ మందు గూడెంలోనే ఉంది, ఈ మందు కొండ దిగితేగానీ దొరకదు

తెలుగులో మందు అన్న మాట ఒకటే, అర్థాలు రెండు. తాగి చెడేదీ మందే, వేసుకుని బాగుపడేదీ మందే. ఏజెన్సీలో ఈ రెండూ ఎంతెంత దూరంలో ఉన్నాయో ఒకసారి ఆలోచించండి.

మొదటిది బెల్టు షాపు రూపంలో గూడెం మధ్యకే వచ్చేసింది. అంబులెన్స్ రాని ఊరికి కూడా బైకు మీద సీసాలు వస్తాయి. రెండోది కావాలంటే? మతి చెదిరిన మనిషినో, తాగుడు మానలేక అల్లాడే మనిషినో ఎక్కడికి తీసుకెళ్ళాలంటే మనవాళ్ళు చెప్పేది రెండే పేర్లు: విశాఖ మానసిక వైద్యశాల, హైదరాబాద్ ఎర్రగడ్డ. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైనే. భద్రాచలం నుంచి హైదరాబాద్ మూడు వందల పైనే. రోగికి తోడు ఇంకొకరు వెళ్ళాలి. ఇద్దరి బస్సు చార్జీ, రెండు మూడు రోజుల కూలి పోతుంది. ఈ జబ్బులకు ఒక్కసారి వెళ్తే సరిపోదు, నెలనెలా మాత్రలు తెచ్చుకోవాలి. రెండో నెలో మూడో నెలో ప్రయాణం ఆగిపోతుంది. దాంతోపాటే వైద్యమూ ఆగిపోతుంది. అప్పుడు అందరూ అనే మాట, "వీళ్ళు మందులు వాడరండీ" అని.

ఇంకో మాట కూడా మనం వింటూనే ఉంటాం, "ఆదివాసులంటేనే తాగుబోతులు" అని. ఇప్పసారా, జీలుగు కల్లు మన పండగల్లో, పెళ్ళిళ్ళలో, పెద్దల కర్మల్లో ఉన్న మాట నిజమే. వాటికి ఒక కాలం ఉంటుంది, నలుగురూ కూర్చునే ఒక సందర్భం ఉంటుంది. బెల్టు షాపుకి కాలం లేదు, సందర్భం లేదు. పొద్దున్న ఆరింటికీ అప్పు ఇస్తుంది. ఈ తేడా ప్రభుత్వానికి తెలియనిది కాదు. గిరిజన ప్రాంతాల్లో వ్యాపార మద్యం ఆపాలని, సొంత అవసరానికి కాచుకునేదాన్ని వేరుగా చూడాలని 1975లోనే కేంద్రం రాష్ట్రాలకు మార్గదర్శకాలిచ్చింది. 1996 పెసా చట్టం ఇంకో అడుగు ముందుకేసి మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి దక్కేలా చేయమంది.

ఆ బలంతోనే చాలా ఊళ్ళు తీర్మానాలు చేస్తున్నాయి. షాపు మూయించిన ఆడవాళ్ళకు మన సలాం. కానీ ఇక్కడే ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది. షాపు మూసేశాం, జరిమానా పెట్టాం. ఇరవై ఏళ్ళుగా రోజూ తాగుతున్న మనిషి రేపు పొద్దున్న ఏం కావాలి?

ఇది జాగ్రత్తగా చదవండి. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. కొందరికి ఒకటి రెండు రోజుల్లోపే ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకి ఇంకొందరికి మతి తప్పుతుంది, లేనివి కనబడతాయి, ఎవరో పిలుస్తున్నట్టు అనిపిస్తుంది. ఊరు దాన్ని గాలి అనుకుంటుంది, దెయ్యం అనుకుంటుంది. అది మద్యం మానినప్పుడు వచ్చే జబ్బు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. లేదంటే భయపడి ఇంట్లోవాళ్ళే మళ్ళీ ఒక క్వార్టర్ తెచ్చి పోస్తారు. "మానలేడు, వాడి రాత అంతే" అని తేల్చేస్తారు. అది అతని రాత కాదు, అందని వైద్యం.

దీనికి వాడే మందులు అరుదైనవేం కావు. డయజెపామ్, లోరజెపామ్ లాంటివి కొన్ని రోజులు డాక్టర్ చూపులో తగ్గించుకుంటూ ఇస్తారు, బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. సొంతంగా కొనుక్కుని వేసుకునేవి మాత్రం కావు. శిక్షణ ఉన్న డాక్టర్ ఉంటే మామూలు కేసుల్ని దగ్గర్లోని ఆసుపత్రిలోనే చూడొచ్చు. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా పెద్దాసుపత్రికి పంపాల్సిందే.

ఇదంతా తాగుడు గురించే అనుకోవద్దు. భూమి పోయి పునరావాస కాలనీలో దిగులుతో మంచం పట్టిన పెద్దాయన ఉన్నాడు. కాన్పు తర్వాత బిడ్డ వైపు చూడని తల్లి ఉంది. హాస్టల్లో ఎవరితోనూ మాట్లాడని పిల్ల ఉంది. గంజాయి మూటలు మోయించి, అదే అలవాటు చేసి వదిలేసిన కుర్రాళ్ళున్నారు. వీళ్ళకి పోలీసు కనబడినంత దగ్గరగా కౌన్సిలర్ కనబడడు. కొద్ది మోతాదుతోనో, వాడకంతోనో కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. ఆ మాట మన కుర్రాళ్ళకి ఎవరు చెప్పారు?

దేశం మొత్తం లెక్కలే చూడండి. ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని అందులో తేలింది. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. పట్నాలు కలిపిన లెక్కే ఇలా ఉంటే, కొండ మీద పరిస్థితి మీరే ఊహించండి.

మనం అడిగేది దానం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం ప్రతి మనిషి హక్కు. మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలూ ఆ చట్టం కిందికే వస్తాయి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకి వైద్యం ఉచితం. జిల్లాలో కనీస సేవలు లేకపోతే, ఆ జిల్లాలో వేరే చోట చేయించుకున్న వైద్యం ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

"14416 ఉంది కదా" అంటారు. టెలీ మానస్ మంచిదే, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అవసరమైతే వెంటనే చేయండి. కానీ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊళ్ళున్నాయి. కువి, సవర, కోయ, గోండి, కొలామీ తప్ప మనసు విప్పలేని అవ్వలున్నారు. కడుపులో బాధ పరాయి భాషలో సగమే బయటికొస్తుంది.

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. ఏజెన్సీలోని ప్రతి ఆరోగ్య కేంద్రంలో మద్యం మాన్పించే మందులు, మానసిక జబ్బుల మాత్రలు నిల్వ ఉండాలి. డాక్టర్‌కి, నర్సుకి శిక్షణ ఉండాలి.
2. నెలకోసారి మానసిక వైద్యుడు సంత రోజున సంత దగ్గరికే రావాలి. జనం ఎలాగూ వచ్చేది ఆ రోజే.
3. మన భాష వచ్చిన మన పిల్లల్నే కౌన్సిలర్లుగా జీతమిచ్చి పెట్టాలి. డాక్టర్లు కానివాళ్ళకి శిక్షణ ఇచ్చి ఆరోగ్య కేంద్రాల్లో మాట్లాడిస్తే హానికరంగా తాగే మగవాళ్ళలో మార్పు వచ్చిందని గోవాలో చేసిన పరిశోధన నిరూపించింది. మన ఆశా కార్యకర్తల నెత్తిన ఇంకో మూట పెట్టి ఇదే అనొద్దు.
4. ఆశ్రమ పాఠశాలల్లో పిల్లల మనసు కనిపెట్టే మనిషి ఒకరుండాలి.

చివరగా మీకో పని. వచ్చే గ్రామసభలో షాపు మూయాలన్న తీర్మానం రాస్తే, దాని కిందే రెండో తీర్మానం కూడా రాయండి: "మా ఊళ్ళో తాగుడు మానాలనుకునేవాళ్ళు ఇంతమంది, వీళ్ళకి చికిత్స ఎక్కడ, ఏ తేదీ నుంచి ఇస్తారు?" దాని నకలు ఐటీడీఏ పీవోకి, జిల్లా వైద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. పేర్లు మాత్రం రాయొద్దు, ఎవరి జబ్బూ నలుగురిలో పెట్టొద్దు. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి.

సీసాకి దారి తెలిసిన ప్రభుత్వానికి మాత్రకి దారి తెలియదంటే మనం నమ్మాలా?