పరుగును శిక్షగా మార్చకండి



కోచ్ కఠినంగా ఉంటేనే పతకాలు వస్తాయని గత వారం మీ పత్రిక వేసిన వ్యాసం తేల్చేసింది. రియో ఒలింపిక్స్‌కు ముందు బ్యాడ్మింటన్ కోచ్ గోపీచంద్ తన శిష్యురాలు సింధు ఫోన్ తీసేసుకోవడాన్ని సాక్ష్యంగా చూపింది. 2016 నాటికి సింధు వయసు 21. అప్పటికే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండు కాంస్యాలు గెలిచిన క్రీడాకారిణి. ఆ నియమాన్ని ఎనిమిదేళ్ల పిల్లల మీద రుద్దడం ఏం న్యాయం?

నార్వేలో పిల్లలకు పదకొండేళ్లు వచ్చేదాకా పాయింట్ల పట్టికలు, ర్యాంకులు ఉండవు. అప్పటికి సుమారు 54 లక్షల జనాభా ఉన్న ఆ దేశం 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో అగ్రస్థానంలో నిలిచింది. మంచు దేశం, డబ్బున్న దేశం, నిజమే. కానీ సంతోషంగా ఆడే పిల్లల్లో పోటీతత్వం చచ్చిపోతుందన్న వాదన అక్కడ నిలవదు.

మన క్రికెట్ శిబిరాల్లో క్యాచ్ వదిలితే మైదానం చుట్టూ రౌండ్లు కొట్టిస్తారు. ఆటకు పరుగే ప్రాణం. దాన్నే శిక్షగా మారిస్తే పిల్లలు ఎలా ఇష్టపడతారు? ఇరవై మందిని వరుసలో నిలబెట్టి ఒక్కరికే బ్యాట్ ఇస్తారు. నలుగురేసి చిన్న జట్లు చేస్తే అందరికీ బంతి అందుతుంది. తప్పు చేసిన పాపను అందరి ముందూ తిట్టడమెందుకు? పక్కకు పిలిచి మోచెయ్యి ఎలా ఉంచాలో చూపిస్తే నేర్చుకుంటుంది. ఇక బడి విషయానికొస్తే, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ అక్కడ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. పీఈటీ సార్ చేతి కర్రకు అందులో మినహాయింపు లేదు.

వేసవి శిబిరాలు మొదలయ్యేలోగా, ఆట మధ్యలో మానేసిన పిల్లలతోనే మాట్లాడి ఒక కథనం వేయండి.

– ఒక తల్లి, హనుమకొండ