తప్పతాగి పడలేదు, షుగరు పడిపోయింది!



షుగరు గొప్పోళ్ల జబ్బట! కూసుండి తినేటోళ్లకు, నెయ్యి, మీగడ మెక్కేటోళ్లకే వస్తదట! ఈ మాట చెప్పేటోళ్లు ఒక్కసారి మన వాడలకు రావాలె. కైకిలికి పోయే అక్క కొంగుముడి విప్పి చూడాలె. తాండూరు నాపరాయి గనిలో బండలు మోసే అన్న జేబు చూడాలె. బీడీకట్ట పక్కన షుగరు గోలీలు కనపడతాయి. భారత వైద్య పరిశోధన మండలి 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం ఈ దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరుంది. వీళ్లందరూ మీగడ తిన్నోళ్లేనా?

ఆకలితో బక్కచిక్కిన ఒంటికీ షుగరు వస్తుంది. చిన్ననాటి నుంచి కడుపుకు సరిగా తిండి లేనోళ్ల ఒంట్లో ఇన్సులిన్ చాలినంత తయారు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రకాన్ని 1985లో పుస్తకంలోకి ఎక్కించింది. రుజువులు చాలవని 1999లో కొట్టేసింది. రాయవెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు, అమెరికా డాక్టర్లు కలిసి పరీక్షలు చేసి ఇది వేరే రకమేనని 2022లో చూపించారు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ సభల్లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీన్ని ‘అయిదో రకం’గా ఒప్పుకున్నది. ఆకలి మనకు తరతరాల నుంచి ఉంది. ఆ ఆకలి తెచ్చిన జబ్బుకు పేరు నిలవడానికి నలభై ఏండ్లు పట్టింది!

ఇక అసలు సంగతి. దవాఖానకు పోతే ఒకసారి 90 ఉంటుంది, ఇంకోసారి 320. కాయితం చూసి డాక్టరు గుర్రుమంటడు. ‘ఏం తిన్నవ్? నోరు కట్టుకోరాదా?’ మనోళ్లు తప్పు చేసినోళ్ల లెక్క తలకాయ దించుకుంటారు. ఎందుకు దించుకోవాలె?

డాక్టరు చదివిన పుస్తకంలో రోగి ఎవరు? పొద్దున ఎనిమిదింటికి టిఫిను, ఒంటిగంటకు అన్నం, రాత్రి ఎనిమిదింటికి రెండు చపాతీలు తినేటోడు. నెల జీతమోడు. ఆయన దినం గడియారం చేతిలో ఉంది. మన దినం ఎవరి చేతిలో ఉంది? పత్తి ఏరేటప్పుడు, కంది కోసేటప్పుడు సద్ది ఎప్పుడు విప్పాలో మేస్త్రీ చెప్పాలె. ఒకనాడు పన్నెండింటికి, ఇంకోనాడు మూడింటికి. ఒకనాడు ఒళ్లు హూనమయ్యే పని, తర్వాత నాలుగు రోజులు పనే లేదు. గోలీ మాత్రం రోజూ ఒక్కటే! కడుపులో బువ్వ లేకున్నా గోలీ తన పని తాను చేస్తుంది, షుగరు పడిపోతుంది. పని లేని దినం అదే గోలీ చాలదు, షుగరు ఎక్కుతుంది. జ్వరమొస్తే, కాలిపుండు చీము పడితే, నిద్ర లేకుంటే, అప్పులోడు వాకిట్లో నిలబడితే బుక్కెడు ఎక్కువ తినకున్నా ఎక్కుతుంది. పొద్దంతా ఒళ్లు వంచినోళ్లకు ఆ రాత్రి నిద్రలో కూడా పడవచ్చు. కూలికే నిలకడ లేనప్పుడు షుగరుకు నిలకడ యాడికెళ్లి వస్తది? ఆ కాయితం మీది అంకె మన నోటి లెక్క కాదు, మన బతుకు లెక్క.

పడ్డోడి పక్కన నిలిచేదెవరు?

షుగరు ఎక్కితే ఎక్కువగా ఏండ్ల మీద చంపుతుంది. పడితే గంటల్లోనే చంపవచ్చు. చేతులు వణుకుతాయి. చల్లచెమటలు పోస్తాయి. కళ్లు మసకబారుతాయి. మాట తడబడుతుంది, మనిషి తూలుతాడు. పటేలు కొడుకు ఇట్లా పడితే కారు వస్తుంది. మనోడు పడితే? ‘పొద్దుగాల్నే తాగి పడ్డడు’ అంటరు. కడుపు కాలి పడ్డోణ్ని కల్లు తాగి పడ్డోడని గట్టు మీద వదిలేస్తరు. నిజంగా తాగినోడైనా వదలరాదు. ఖాళీ కడుపున తాగితే షుగరు ఇంకా పడుతుంది.

అప్పుడు కావలసింది గిలాసెడు చక్కెర నీళ్లు. ఆ గిలాస ఎవరిస్తరు? మన చెయ్యి తగిలితే మైలపడే ఊర్లో, రెండు గిలాసలు పెట్టిన హోటల్ ముందట, పాణం పోతుంటే మన గిలాస యాడుందో వెతుక్కోవాల్నా? అంటరానితనం ఎప్పుడో పోయిందని ఉపన్యాసాలు చెప్పేటోళ్లు దీనికి జవాబు చెప్పాలె.

వాళ్లు చెప్పేదాకా మనం ఆగొద్దు. వాడవాడలో ఈ నాలుగు మాటలు చెప్పుకోవాలె.

షుగరు గోలీలు, సూదులు వాడేటోళ్ల కొంగున, జేబులో చక్కెర పొట్లం ఉండాలె. వణుకు రాంగనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలె. పావుగంటలో తగ్గకుంటే మళ్లా తాగి, తేరుకున్నంక బువ్వ తినాలె. స్పృహ తప్పినోళ్ల నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు ఒరిగించి 108కి ఫోన్ చేయాలె.

ఏ గోలీకి షుగరు పడుతుందో డాక్టర్ని అడిగి తెలుసుకోవాలె. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే పడేది అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వేసుకొని పస్తుంటే పడుతుంది. పని దినం ఎంత, పస్తు దినం ఎంత అని ముందే రాయించుకోవాలె. జ్వరమొచ్చిందని ఇన్సులిన్ సొంతంగా బంద్ పెట్టొద్దు. ఫ్రిజ్ లేకుంటే ఇన్సులిన్ సీసాను నీళ్లు తగలకుండా కట్టి, నీడలో, తడి ఇసుక నడుమ పెట్టిన కుండలో దాచుకోవాలె. ఎండకు కాగిన ఇన్సులిన్ పని చేయదు.

పరీక్ష అంకెతో పాటు ఏ గంటకు తిన్నరు, ఏం పని చేసిండ్రు కూడా రాయాలె. రాయరానోళ్లకు బడి పిల్లలు రాసిపెట్టాలె. మూడు నెలల సగటు పరీక్ష ఒక్కటే చూస్తే ఎక్కిందీ పడ్డదీ కలిసిపోయి నడిమి అంకె వస్తుంది. ఎండాకాలం, చలికాలం కలిపి సగటు తీసి వికారాబాదులో ఎండా లేదు, చలీ లేదు అన్నట్టే!

షుగరు వచ్చిందని సిగ్గుపడేటోళ్లకు ఒక మాట. బాబాసాహెబ్ అంబేద్కర్‌కూ షుగరుండె. కాళ్ల నొప్పులతో, నిద్ర లేని రాత్రులతో ఆయన రాజ్యాంగం పని చేసిండు. 1948 ఏప్రిల్ 15న ఆయన్ని పెండ్లాడిన సవితమ్మ స్వయంగా డాక్టరు. ఆయన తిండి, మందు, సూది ఆమె చూసుకుంది. బాబాసాహెబ్ అంతటి మనిషికే వేళకు సూది ఇచ్చే చెయ్యి కావలసి వచ్చింది. మన కైకిలి అక్కకు ఆ చెయ్యి ఏది? ఆ చెయ్యి ప్రభుత్వానిది కావాలె.

మన అనంతగిరి గుట్ట మీద నిజాం కాలంలోనే క్షయ దవాఖాన కట్టిండ్రు. గాలి, తిండి, విశ్రాంతి లేంది క్షయ మానదని ఆనాడే తెలుసు. ఈనాడు కూడా క్షయ రోగికి తిండి కోసం నెలకు 500 రూపాయలిచ్చి, 2024 నవంబరు నుంచి వెయ్యి చేసిండ్రు. షుగరున్నోళ్లకు క్షయ సోకే ముప్పు రెండు మూడింతలు ఎక్కువ. రాతి దుమ్ము పీల్చేటోళ్లకు ఇంకింత. మరి క్షయకు తిండి మందైతే షుగరుకు కాదా?

1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినయి. 2025 ఉగాదికి సన్నబియ్యం వచ్చినయి. కడుపు నింపినయి, కాదనం. కానీ మనిషికి ఆరు కిలోల బియ్యం పక్కన పప్పేది? తాండూరు కందికి 2022లో దేశమంతా పేరొచ్చింది, గుర్తింపు వచ్చింది. ఆ కంది కోసినోళ్ల పళ్లెంలో పప్పు లేదు! మన జొన్నలు పట్నం దుకాణంలో ఆరోగ్య ఆహారమై కూర్చున్నయి. జొన్న రొట్టెతో షుగరు మాయం కాదు. అయినా పప్పుతో, కూరతో తింటే తెల్లబువ్వ అంత గబుక్కున ఎక్కదు.

కిడ్నీ చెడినంక డయాలసిస్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. చెడకముందు ఇంటికాడ పరీక్ష చేసుకునే స్ట్రిప్పులకు ఏ శ్రీ ఉంది? 1921లో కెనడాలో ఇన్సులిన్ కనిపెట్టినోళ్లు 1923లో ఒక్కొక్క డాలరు తీసుకొని హక్కులు విశ్వవిద్యాలయానికి ఇచ్చేసిండ్రు. వాళ్లు ఒక్క డాలరుకు వదిలిందాన్ని మనం కూలి పైసలు పెట్టి కొనాల్నా?

అందుకే అడుగుదాం. పల్లె దవాఖానలో గోలీలు, ఇన్సులిన్ ఒక్కనాడు కూడా కరువు కావొద్దు. సూది మీద బతికేటోళ్లకు మిషను, స్ట్రిప్పులు ఉచితంగా ఇయ్యాలె. రేషన్‌లో కందిపప్పు, జొన్నలు కలపాలె. 2005 ఉపాధి హామీ చట్టంలో పనికాడ నీడ, తాగునీళ్లు, మందుల పెట్టె ఉండాలని రాసిండ్రు. చట్టం పేరు ఏదైనా, పని ఎవరిదైనా, ఆ పెట్టె ఉండాలె, అందులో గ్లూకోజు ఉండాలె. చేనులోనైనా గనిలోనైనా సద్దికి వేళ ఉండాలె. ఇవి దానం కాదు, మన చెమటకు బాకీ.

సంఘం పిలగాండ్లారా! వచ్చే మీటింగుకు డప్పుతో పాటు చక్కెర డబ్బా కూడా పట్టుకురండి. ఇగ ముందు మన వాడ మనిషి తూలి పడితే ‘తాగిండు’ అన్న మాట మన నోట రావొద్దు. ముందు చక్కెర నీళ్లు, తర్వాతనే మాట.

జై భీమ్!