సత్య పట్టికలో వదిలివేసే వరుస

తర్క ద్వారాల పాఠంతో తెలుగు బోధించేవారికి ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. పని ఉన్నదనే మా అభిప్రాయం. మన సైన్సు విద్యార్థులు అండ్, ఆర్, నాట్ ద్వారాల సత్య పట్టికలను ఎక్కాల వలె వల్లిస్తారు. పరీక్షలో తప్పు లేకుండా గీస్తారు కూడా. కాని ఒక మామూలు వాక్యం ఇచ్చి, దీనికి పట్టిక వ్రాసి ఆపైన వలయం గీయండి అంటే కలం ఆగిపోతుంది. అది ఆగిపోయే చోట ఉన్నది గణితం కాదు, వాక్యార్థం.

ఈ శాస్త్రం పుట్టుకలోనే ఆ సంబంధం ఉన్నది. జార్జి బూల్ 1854లో ప్రకటించిన గ్రంథం ఆలోచనా నియమాలను గూర్చినది. అందులో విద్యుత్తు ప్రసక్తి లేదు. సత్య పట్టికకు నేటి రూపం 1921లో ఎమిల్ పోస్ట్, విట్‌గెన్‌స్టైన్ అనే ఇద్దరి రచనలలో వేర్వేరుగా కనబడుతుంది. వారికి కావలసినది ఒక వాక్యం ఎప్పుడు సత్యమో, ఎప్పుడు అసత్యమో తేల్చడం. 1937లో క్లాడ్ షానన్ అనే అమెరికా విద్యార్థి తన ఎం.ఎస్. సిద్ధాంత వ్యాసంలో బూల్ బీజగణితాన్ని రిలే వలయాలకు అన్వయించి చూపిన తరువాతనే సత్యాసత్యాలు స్విచ్చులలోకి ప్రవేశించినవి.

ఇక మన తాండూరు సంగతికి వద్దాం. నాపరాయికి నునుపు పెట్టే యంత్రం ఒకటి ఉన్నదనుకొందాం. ఇది పాఠం కోసం మేము కల్పించుకొన్న యంత్రం. ఏ ఫ్యాక్టరీకీ చెందినది కాదు. దానికి మూడు నివేశాలు. స్విచ్చి వేసి ఉంటే 'స' విలువ 1, నీటి ధార వస్తూ ఉంటే 'న' విలువ 1, రక్షణ మూత తెరచి ఉంటే 'మ' విలువ 1. నివేశాలు మూడు గనుక పట్టికలో వరుసలు 8. యంత్రం తిరగవలసినది 1-1-0 అనే ఒక్క వరుసలోనే. ఇంతవరకు ఎవరూ తప్పు చేయరు.

దానికి ఒక హెచ్చరిక గంట కూడా అమర్చదలచినాము. "స్విచ్చి వేసి ఉండగా నీరు రాకపోవడం గాని, మూత తెరచి ఉండడం గాని జరిగితే గంట మ్రోగవలె." ఈ వాక్యాన్ని తరగతిలో ఇచ్చి చూచినాము. చాలామంది 1-0-0, 1-1-1 వరుసలలో 1 వ్రాసి, 1-0-1 దగ్గర సున్న పెట్టినారు. అడిగితే, "గాని అంటే రెంటిలో ఒకటే కదండీ" అన్నారు. వారి తెలుగులో తప్పేమీ లేదు. అతిథి "టీ గాని కాఫీ గాని ఇప్పించండి" అంటే రెండు కప్పులూ తెచ్చి పెట్టేవారుండరు. కాని "జ్వరం గాని దగ్గు గాని ఉంటే డాక్టరుకు చూపించుకో" అన్నప్పుడు రెండూ ఉన్నవాణ్ణి ఇంట్లో పడుకొమ్మని అర్థం కాదు. ఉర్దూలోని 'యా'కు కూడా ఈ రెండు ముఖాలూ కలవు. భాష సందర్భాన్ని చూచి సర్దుకొంటుంది. ద్వారానికి సందర్భం తెలియదు.

ఆ సున్న వలన ఏమగును? స్విచ్చి వేసి ఉన్నది, నీరు లేదు, మూత తెరచి ఉన్నది. యంత్రం కదలదు, గంటా మ్రోగదు. పనివాడు కరెంటు పోయిందనుకొంటాడు. స్విచ్చి తీయవలెనన్న ఆలోచన రాకుండానే లోపల చేయి పెడతాడు. ఒక్క లోపం ఉన్నప్పుడు అరచే గంట, రెండు లోపాలూ కలిసినప్పుడు మూగబోయినది.

పట్టిక గొప్పతనం ఇక్కడనే ఉన్నది. యంత్రం నిలువు వరుస ప్రక్కనే గంట నిలువు వరుస వ్రాసి చూడండి. స్విచ్చి వేసి ఉన్న నాలుగు అడ్డు వరుసలలోనూ రెంటిలో ఏదో ఒకటి 1 కావలె. రెండూ సున్నలైన చోటు వెంటనే కంటబడుతుంది. వాక్యాన్ని పదిసార్లు చదివినా ఈ లోటు దొరకకపోవచ్చు.

దిద్దిన పట్టికలో గంటకు మూడు వరుసలు దక్కుతాయి: 1-0-0, 1-0-1, 1-1-1. మొదటి రెంటికీ తేడా మూతలో మాత్రమే గనుక అక్కడ మూత ప్రస్తావన అనవసరం. ఇట్లా కుదించుకొంటూ పోతే మిగిలేది "స్విచ్చి ఉండి, నీరు లేకపోవడమో మూత తెరచి ఉండడమో, లేక రెండూనో" అన్నదే. అంటే ఒక నాట్, ఒక ఆర్, ఒక అండ్ ద్వారం చాలును. కుదించిన వలయానికి మళ్లీ 8 వరుసల పట్టిక వ్రాసి మొదటిదానితో పోల్చవలె. ఈ రెండవ పట్టికను వ్రాసే ఓపిక మన విద్యార్థులలో తక్కువ. ఉపాధ్యాయులలోనూ ఎక్కువేమీ కాదు.

నివేశాలు 10 అయితే వరుసలు 1024 అవుతాయి, అన్నీ చేతితో వ్రాయడం ఎట్లా అని కొందరి ఆక్షేపణ. నిజమే. అందుకే 1953లో కార్నో పటం వచ్చినది. నేడు కంప్యూటర్లే కుదింపు చేసిపెడుతున్నవి. కాని 'గాని' అన్న మాటకు ఏ అర్థం తీసుకోవలెనో వాటికి చెప్పేది మనమే.

పట్టికకు అందని విషయం మరొకటి కలదు: గడచిన క్షణం. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తయారుచేసే ఓటింగ్ యంత్రాన్నే తీసుకోండి. ఇటువంటి యంత్రాలు 1982లో కేరళలోని పరూరు నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో మొదటిసారి వాడబడినవి. అధికారి ఒకసారి మీట నొక్కి అనుమతిస్తే ఒక్క ఓటే పడవలె. ఓటరు వెంటనే మళ్లీ నొక్కితే లెక్కకు రాకూడదు. నొక్కడం అదే, ఫలితం వేరు. కాబట్టి 'ఓటు ఇంతకుముందే పడినదా' అన్న స్థితిని కూడా ఒక నివేశంగా చేర్చుకొంటే తప్ప పట్టిక పూర్తి కాదు.

మా సూచన చిన్నది. వారానికి ఒక్క గంట తెలుగు, ఉర్దూ, భౌతికశాస్త్ర అధ్యాపకులు ఒకే తరగతిలో కూర్చోవలె. విద్యార్థులు తమ ఇంటి నుంచో, నాపరాయి గనుల నుంచో, కందుల మిల్లు నుంచో ఒక్కొక్క వాక్యం తేవలె. ముందు దానికి అర్థం చెప్పి, తరువాత పట్టిక వ్రాసి, చివరకు వలయం గీయవలె. మొదటి గంటకు వాక్యం మేమే ఇస్తాము: మెట్ల దీపానికి క్రింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి, ఏది మార్చినా దీపం స్థితి మారవలె. టీ, కాఫీల నాటి 'గాని' ఇక్కడ పనికివస్తుంది.