మైకుల హోరులో చదువులు

మాఘ, ఫాల్గుణ మాసాలు వచ్చాయంటే పల్లెల్లో పెళ్ళిళ్ళు, జాతరలు, పదవ తరగతి పరీక్షలు ఒకేసారి ముంచుకొస్తాయి. తెల్లవారుజామునే ఒక మైకు అందుకుంటుంది. అర్ధరాత్రి దాటినా ఊరేగింపు డీజే ఆగదు. ఇది ఏ ఒక్క కులం వారి సంగతో, మతం వారి సంగతో కాదు. మైకు సెట్టు వచ్చిందంటే ఎగిరి గంతేసి వెంటపడిన వాళ్ళమే మనమంతా!

నిద్ర చాలకపోతే పెద్దలు మధ్యాహ్నం వేపచెట్టు క్రింద మంచం వాల్చుకుంటారు. పిల్లవాడు మాత్రం బడికి పోవాలి. అక్కడ కునికిపాట్లు పడితే మొద్దు అనిపించుకుంటాడు.

బడి ప్రక్కనే మైకు మోగితే నష్టం మరీ ఎక్కువ. సగం మాటే వినబడినా పెద్దలు మిగతాది ఊహించుకోగలరు. ఆ మాట వారికి ముందే తెలుసు కనుక. ఒకటవ తరగతి పిల్లకు అది చేతకాదు. మాష్టారు ‘పలక’ అన్నారో, ‘చిలక’ అన్నారో తేల్చుకోలేక తెల్లమొహం వేస్తుంది.

ఈ సంగతి 1975లోనే న్యూయార్కులో తేలింది. అక్కడ ఒక బడి ప్రక్కగా రైళ్ళు పోయేవి. రైలు వైపు గదుల్లోని ఆరవ తరగతి పిల్లలు, అవతలి వైపు పిల్లల కంటే చదవడంలో సుమారు ఏడాది వెనుకబడినట్లు ఆర్లీన్ బ్రాన్జాఫ్ట్ అనే పరిశోధకురాలు కనుగొన్నారు. పట్టాల క్రింద రబ్బరు మెత్తలు వేసి, గదుల పైకప్పులకు శబ్దాన్ని పీల్చే పలకలు బిగించారు. 1981లో చూస్తే ఆ తేడా లేదు.

ఇక చెవుల మాట. లోపలి చెవిలోని సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే తిరిగి పుట్టవు. పసిబిడ్డను భుజాన వేసుకుని డీజే పెట్టెల ముందు నిలబడే తండ్రులు ఇది గమనించాలి.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకరుకు వ్రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట వాడరాదు. ప్రభుత్వం పండుగలకు ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు గాని, ప్రతి పెళ్ళికీ, ప్రతి పుట్టినరోజుకూ అది వర్తించదు. బడుల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలు కూడా ఉన్నది.

కేసులు పెట్టుకుంటే ఊళ్ళో పగలు మిగులుతాయి. అంతకంటే పరీక్షలు ముగిసేవరకు రాత్రి పదికి మైకు కట్టేయాలని ఊరే తీర్మానించుకోవడం మేలు. రాబోయే గ్రామసభలో ఈ విషయం చర్చకు పెట్టమని తల్లిదండ్రులు సర్పంచిని ఇప్పుడే అడగాలి.